తిట్టులో దొర్లిన 'దయచేసి'

"పాత సబ్బు చెక్కని కొత్త సబ్బుకి అతికించింది ఎవరు?"

స్నానాల గదిలోంచి కూతురి గొంతు ఇల్లంతా మోగింది. అప్పటికి టైము ఎనిమిదీ పది.

"అతికించక పారేస్తామా? ఇంకో వారం వస్తుంది అది" హాల్లోంచి నాన్నమ్మ జవాబు.

"నాన్నమ్మా, అది సబ్బు కాదు, సబ్బు వీపు మీద ఎక్కిన మూట. చేతిలో నిలవడం లేదు. ఇదుగో, ఊడి తూములో పడింది!"

"పట్టుకునే చెయ్యి తిన్నగా ఉంటే ఏదైనా నిలుస్తుంది."

"నాన్నా, నువ్వైనా చెప్పు!"

నాన్న పేపరు ఇంకాస్త పైకెత్తి మొహం పూర్తిగా కప్పేసుకున్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ ఇంటి తగాదాల్లో సాక్షి కాకుండా బయటపడుతున్నది ఆ ఒక్క కిటుకుతోనే.

అత్తగారు కోడలివైపు తిరిగింది. "ఏమమ్మా, డిటెక్టివ్ గారూ! ఊళ్ళోవాళ్ళ కేసులన్నీ మీరు తేలుస్తారు కదా. ఇదీ తేల్చి వెళ్ళండి. సబ్బు అతికించినందుకు నాకు ఎన్నేళ్ళు వేస్తారు?"

మామూలుగా కోడల్ని ఆవిడ 'నువ్వు' అనే అంటుంది. 'మీరు' అన్నదంటే కోపం నషాళానికి అంటినట్టే.

"ముద్దాయికి బెయిలిచ్చాను అత్తయ్యా" అని డిటెక్టివ్ చెప్పులేసుకుంది. నవ్వుతూనే అన్నది గానీ, మనసు ఇంట్లో లేదు. చేతిలో కేసు ఇవాళ సాయంత్రం ఆరింటితో చెయ్యి దాటిపోతుంది.

ఆవిడ పుట్టు డిటెక్టివ్ కాదు. ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు ప్రూఫులు దిద్దింది. ప్రెస్సు మూతపడ్డ నెలలోనే పక్కింటాయన ఒక ఆకాశరామన్న ఉత్తరం తెచ్చి చూపిస్తే, అందులోని రెండు అచ్చుతప్పుల్ని పట్టుకుని రాసినవాణ్ణి ఇట్టే పట్టేసింది. ఆ తర్వాత అదే వృత్తయింది. గిట్టనివాళ్ళు 'అచ్చుతప్పుల మేడమ్' అంటారు. గిట్టేవాళ్ళూ అదే అంటారు, కాస్త గొంతు తగ్గించి.

తొమ్మిదీ ఇరవైకి ఆవిడ కుట్టు టీచర్ ఇంట్లో ఉంది.

ఈ టీచర్ రోజూ పదకొండింటికి ఫోన్ ముందు కూర్చుని పిల్లల బట్టలు కుట్టడం నేర్పుతుంది. నాలుగొందలమంది ఆడవాళ్ళు ఇళ్ళల్లోంచే చూసి నేర్చుకుంటారు. మూడు వారాలుగా ఎవరో, మొహం లేని అకౌంటులోంచి, తిట్లు పంపుతున్నారు. ఇప్పటికి నలభై ఒకటి. నిన్న రాత్రి టీచర్ తన క్లాసుకి ఒక ప్రకటన పెట్టింది: రేపు సాయంత్రం ఆరు గంటలకి ఈ క్లాసు మూసేస్తున్నాను.

"తిట్లకి భయపడి కాదండీ" అంది టీచర్, చేతిలోని టేపుని వేలికి చుట్టి విప్పుతూ. "ఎవరో తెలియకపోవడం భయం. కూరలవాడు నవ్వినా వీడేనేమో అనిపిస్తోంది. బస్సులో పక్కన కూర్చున్నావిడ ఫోన్ తీస్తే నాకే రాస్తోందేమో అనిపిస్తోంది. మనిషెవరో తెలిస్తే ఆగుతాను. తెలియకపోతే నావల్ల కాదు."

"తెలుస్తుంది" అని గుమ్మంలోంచి ఒక మగ గొంతు. "నాలుగింటికల్లా తెలుస్తుంది."

సైబర్ ఇన్‌స్పెక్టర్. చెప్పులు విప్పకుండా గుమ్మం మీదే నిలబడ్డాడు, తను ఎక్కువసేపు ఉండాల్సిన పని లేదన్నట్టు.

"ఓహో, అచ్చుతప్పుల మేడమ్ కూడా వచ్చేశారే. ఏమిటి, కామా దొరికిందా?"

"మీకేం దొరికింది ఇన్‌స్పెక్టర్ గారూ?"

"మనిషే దొరికాడు. మూల దుకాణం టైలరు. ఈవిడ నేర్పడం మొదలెట్టాక అతని గిరాకీ సగం పడిపోయింది. కారణం ఉంది, కోపం ఉంది, చేతిలో ఫోనుంది. నాలుగింటికి స్టేషనుకి రమ్మన్నాను."

"అకౌంటు ఎవరిదో తెలిసిందా?"

"ఆ యాప్ నడిపే కంపెనీకి రాశాం. జవాబు రావడానికి ఆరు వారాలు. అంతవరకూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోమంటారా?"

డిటెక్టివ్ బల్ల మీద కాగితాలు పరిచింది. నలభై ఒక్క తిట్లు, ఒక్కోదాని పక్కన ఎర్ర పెన్సిలుతో వారం, టైము.

"ముందు టైములు చూడండి. పదకొండూ రెండు. ఒకటీ ముప్ఫై నాలుగు. నాలుగూ పదిహేడు. మళ్ళీ పదకొండూ అయిదు. నలభై ఒకటీ ఈ మూడు చోట్లే పడ్డాయి. పదకొండు నుంచి పది నిమిషాలు, ఒకటిన్నర నుంచి అరగంట, నాలుగుంబావు నుంచి పది నిమిషాలు. అవతల ఒక్కటి లేదు. ఆదివారాలు లేవు. కిందటి మంగళ, బుధవారాలు కూడా లేవు. సొంత దుకాణమున్న టైలరు గంట కొట్టినట్టు తిడతాడా?"

"తీరిక దొరికినప్పుడు తిడతాడు."

"సరే, మాటలు చూడండి." ఆవిడ ఒక కాగితం తీసి చదివింది. "'నీ నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోతోంది. నీ వీడియోల వల్ల ఎందరికి అసౌఖర్యం కలుగుతోందో తెలుసా? సిగ్గుంటే మూసెయ్యండి.' ఇంకోటి. 'దయచేసి నీ మొహం ఇంకోసారి చూపించకు.' ఇది మొన్నటిది. 'నీలాంటిది ఉండి ఎవరికి లాభం? చావండి.'"

టీచర్ తల తిప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ మాత్రం నవ్వాడు.

"వెటకారం మేడమ్ అది. మా ఆవిడకి ఒళ్ళు మండితే నన్ను మీరు అంటుంది."

"వెటకారం ముందు వరసలో కూర్చుంటుంది. 'ఏమండీ మహానుభావా' అని పిలుపులోనే పట్టేస్తాం. పొద్దున మా ఇంట్లో నాకే తగిలింది కాబట్టి చెప్తున్నాను. ఇక్కడ మొదట నువ్వు, మధ్యలో నువ్వు, వాక్యం చివరికొచ్చేసరికి 'మూసెయ్యండి'. అంటే కోపం చల్లారినచోట అలవాటు బయటపడింది. ఈ మనిషి రోజంతా 'అండి'తో బతుకుతున్నాడు. తిట్టడానికి కూర్చున్నా 'దయచేసి' ఊడిరావడం లేదు."

"మూల టైలరు కూడా గిరాకీలని అండి అంటాడు."

"అతని రసీదులు చూశాను. 'చొక్కా' అన్న మాటకి ఇంతవరకూ వత్తు పెట్టలేదు. ఇక్కడ చూడండి, అసౌకర్యంలో 'క' ఉండాల్సిన చోట 'ఖ' ఉంది. ఆ మాటని తప్పుగా రాయాలన్నా ముందు ఆ మాట వచ్చి ఉండాలి."

"అక్షరం ముక్కతో అరెస్టు చెయ్యమంటారా నన్ను?"

"అరెస్టు ఆపమంటున్నాను. రెండింటి దాకా."

ఇన్‌స్పెక్టర్ గోడ గడియారం చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. డిటెక్టివ్ గది చూడడం మొదలుపెట్టింది.

చిన్న గది. కిటికీ కింద మిషను, పక్కన దారపు ఉండల అలమర, ఎదురుగా ఫోన్ పెట్టుకునే స్టాండు. కత్తిరింపు బల్ల మీద సుద్ద గీతలు, సగం కోసిన చిన్న గౌను. బల్ల ఒక కాలు పొట్టిది. కింద మడతపెట్టిన కాగితం ఎత్తుపెట్టారు. కాగితం అంచున అచ్చు అక్షరాలు కనిపించేసరికి ఆవిడ ఉండబట్టలేకపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, బల్ల కింద దూరి చదవడం మొదలుపెట్టింది.

"మేడమ్, ఏమైనా పడిపోయిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పడలేదు. దొరికింది. ఈ కాలు కాస్త ఎత్తి పట్టుకోండి."

విసుక్కుంటూనే ఎత్తాడు. ఆవిడ కాగితం లాగి మడతలు విప్పింది. కుట్టుమిషన్ల కంపెనీ ఉత్తరం. మోటారు పాడైందని రెండేళ్ళ కిందట టీచర్ ఫిర్యాదు చేస్తే వచ్చిన జవాబు. మూడో వరుస మీద ఆవిడ వేలు ఆగింది.

'మీకు కలిగిన అసౌఖర్యానికి చింతిస్తున్నాము.'

ఇన్‌స్పెక్టర్ బల్ల కాలు దించి ఆ 'ఖ' మీదికి వంగాడు.

"వీళ్ళతో మీకేమైనా గొడవ జరిగిందా?" అని డిటెక్టివ్ టీచర్ని అడిగింది.

"అబ్బే. మర్నాడే మనిషొచ్చి బాగు చేసి వెళ్ళాడు. ఆ ఉత్తరం ఎవరు రాశారో కూడా నాకు తెలియదు."

"ఆ రాసినవాళ్ళకీ మీరెవరో తెలిసుండదు" అంది డిటెక్టివ్ లేచి చీర దులుపుకుంటూ. "పదండి ఇన్‌స్పెక్టర్ గారూ. ఒకటిన్నరకి అక్కడ ఉండాలి."

కంపెనీ ఫిర్యాదుల విభాగం ఒక పొడవాటి హాలు. ఇరవై నాలుగు సీట్లు, ఇరవై నాలుగు హెడ్‌ఫోన్లు, ఇరవై నాలుగు నోళ్ళలో ఒకటే మాట: "అర్థమైందండీ." గోడ మీద ఒక ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో 'ఈ నెల ఓపిక'. ఫొటోలో నలభై అయిదేళ్ళ మనిషి, చెంపలు నెరిసి, చాలా శ్రద్ధగా నవ్వుతున్నాడు.

సూపర్‌వైజర్ గలగలా మాట్లాడే మనిషి. "జవాబు ఉత్తరం నమూనా అండీ అది. అందరూ అదే పంపుతారు. తప్పుందా? ఏడేళ్ళుగా పంపుతున్నామే! మాకు వచ్చిన ఫిర్యాదుల్లో ఆ ఫిర్యాదు ఒక్కటీ లేదు."

"మీ వాళ్ళకి విరామాలు ఎప్పుడెప్పుడు?"

"మూడు బ్యాచులు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. రెండో బ్యాచుకి పదకొండు, ఒకటిన్నర, నాలుగుంబావు."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి చేతులు తీశాడు.

"రెండో బ్యాచులో ఎంతమంది?"

"ఎనిమిదిమంది."

"వాళ్ళలో కిందటి మంగళ, బుధవారాలు సెలవు పెట్టింది ఎవరు?"

సూపర్‌వైజర్ రిజిస్టరు తిప్పి, వేలు పెట్టి, నవ్వేశాడు. "ఒక్కడే. కానీ మీరనుకునేవాడు కాదులెండి. మా ఓపిక! అసలు పేరు మేమే మర్చిపోయాం. తల్లిని తిట్టినా 'అర్థమైందండీ' అనే మనిషి. ఆ గోడ మీద ఫొటో వరుసగా ఏడు నెలలుగా అతనిదే."

డిటెక్టివ్ ఆ ఫొటోని మళ్ళీ ఒకసారి చూసింది.

విరామం గదిలో ఓపిక మూల బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్నాడు. క్యారియరు విప్పలేదు. ఫోన్ చేతిలో ఉంది. వీళ్ళని చూడగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి" అంది డిటెక్టివ్. ఇన్‌స్పెక్టర్‌ని తలుపు దగ్గరే ఉండమని కంటితోనే చెప్పింది. "చిన్న సందేహం. మీరు పిల్లల బట్టలు కుట్టే వీడియోలు చూస్తారా?"

"లేదండీ. నాకు కుట్టు రాదండీ."

"కుట్టు వస్తుందా అని అడగలేదు."

ఆవిడ కాగితం తీసి, వార్త చదివినట్టు చదివింది. "'దయచేసి నీ మొహం ఇంకోసారి చూపించకు.' నేను ప్రూఫులు దిద్దేదాన్ని లెండి. ఇలాంటి వాక్యం ఎప్పుడూ తగల్లేదు. తిట్టే మనిషికి మధ్యలో ఆ 'దయచేసి' ఎందుకు?"

"అలవాటండీ" అన్నాడతను.

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. ఫోన్ బల్ల మీద బోర్లించి, రెండు చేతులూ దాని మీద పెట్టాడు, అది పారిపోతుందేమో అన్నట్టు.

"లేవయ్యా" అని ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు.

"టైము ఒకటీ ముప్ఫై తొమ్మిది. రెండింటి దాకా నాదన్నాను" అంది ఆవిడ తల తిప్పకుండానే. "మీరు చెప్పండి. ఆవిడ మీకేం చేసింది?"

"ఏమీ చెయ్యలేదండీ."

"మరి?"

అతను క్యారియరు పక్కకి జరిపాడు.

"రోజుకి ఎనభై కాల్స్ అండీ. మిషను పాడైతే మిషన్ని తిట్టలేరు కదా, నన్ను తిడతారు. నేను తిరిగి ఏమీ అనకూడదు, రికార్డవుతుంది. మొదట్లో మ్యూట్ నొక్కి నాలో నేను తిట్టుకునేవాణ్ణి. తర్వాత్తర్వాత మ్యూట్ నొక్కినా నోట్లోంచి 'అర్థమైందండీ' అనే వచ్చేది. ఇంట్లో కూడా అదే. మా పాప నవ్వుతుంది. ఒకరోజు విరామంలో ఫోన్ చూస్తుంటే ఆ టీచరమ్మ కనిపించింది. గౌనుకి చెయ్యి తిరగేసి కుట్టేసింది. చూసుకుని నవ్వింది. 'ఏం ఫర్లేదు, విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు' అంది." బోర్లించిన ఫోన్‌ని ఒక వేలితో నెట్టాడు. "పదకొండేళ్ళలో నాతో ఒక్కరు ఆ మాట అనలేదండీ. ఆవిడ తనతో తనే అనేసుకుంటోంది, అంత తేలిగ్గా. ఎందుకో తెలియదు, ఒళ్ళు మండిపోయింది. రాసేశాను."

"రాశాక?"

"పది నిమిషాలు తేలిగ్గా ఉండేదండీ. మళ్ళీ సీట్లో కూర్చుని మొదటి కాల్‌కి నమస్కారం చెప్పేసరికి పోయేది. అందుకే మళ్ళీ."

"మంగళ, బుధ ఎందుకు రాయలేదు?"

"పాపకి జ్వరం. ఇంట్లోనే ఉన్నాను. ఎవరూ నన్ను తిట్టలేదు. నాకూ ఎవరినీ తిట్టబుద్ధి కాలేదు."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "ఆవిడకి ఎంత తగిలిందో తెలుసా నీకు? ఇవాళ క్లాసు మూసేస్తోంది."

ఓపిక తలెత్తాడు. ఆ మాటకి నిజంగానే విస్తుపోయినట్టున్నాడు. "ఎవరైనా మనిషి చదువుతారనుకోలేదండీ. నన్ను తిట్టేవాళ్ళూ అంతే. అవతల ఒక మనిషున్నాడనుకోరు, కంపెనీని తిడుతున్నామనుకుంటారు. రోజూ ఆ పక్కన కూర్చున్నవాణ్ణి, నాకే తట్టలేదు." ఫోన్ ఇన్‌స్పెక్టర్ వైపు జరిపాడు. "ఆవిడ ఏ శిక్ష వెయ్యమంటే అది వేయించండి. ముందు మాత్రం నేనేనని నన్నే చెప్పనివ్వండి. ఆవిడ వినకపోతే ఉత్తరం రాసిస్తాను."

"రాయండి. నమూనా చూడకుండా రాయండి" అంది డిటెక్టివ్.

అతను రాస్తుండగా ఇన్‌స్పెక్టర్ ఆవిడని పక్కకి పిలిచాడు. అతని మొహంలో ఓడిపోయిన ఛాయలు ఎక్కడా లేవు.

"నలభై ఒకటి తేల్చారు. భేష్. మూల టైలరుకి ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాను. మరి నలభై రెండోది?"

"నలభై రెండోది ఏమిటి?"

"మీకు చూపించలేదా? నిన్న నాకు కాగితాలిస్తున్నప్పుడు టీచర్ ఒకటి చేతిలో దాచింది. నేను దాచనిస్తానా? వేరే అకౌంటు. కిందటి ఆదివారం, మధ్యాహ్నం ఒకటీ అయిదు. ఆఫీసు లేదు, విరామం లేదు, అండి లేదు, దయచేసి లేదు. దిద్దండి మేడమ్, చూద్దాం." ఫోన్ ఆవిడ కళ్ళ ముందు పెట్టాడు.

'ఇదీ ఒక కుట్టేనా చెయ్యి అతికే చోట అంగుళం వదిలితే బుడగలా లేవదూ ఇలాంటివాళ్ళు కూడా నేర్పేవాళ్ళే మిషను ముట్టుకునే అర్హత లేదు నీకు ఫ్యాను రెండులో పెట్టు మెడ పట్టేస్తోంది'

"ఫ్యాను ఏమిటి మధ్యలో? పిచ్చివాడా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కామా లేదు, చుక్క లేదు. ఇది టైపు చేసింది కాదు, ఫోనుకి చెప్పి రాయించింది. పక్కవాళ్ళతో అన్న మాట కూడా అందులో పడిపోయింది" అని డిటెక్టివ్ గడగడా చెప్పుకుపోయి, చటుక్కున ఆగింది. మరోసారి చదివింది. ఈసారి కళ్ళతో కాదు, చెవులతో. ఆ గొంతు ఎవరిదో ఆవిడకి తెలిసిపోయింది.

"ఏమిటి, తెలిసినవాళ్ళలా ఉన్నారే?"

"రేపు పదకొండింటికి చెప్తాను."

"దాటవెయ్యకండి."

"ఇరవై రెండేళ్ళు ప్రూఫులు దిద్దాను, ఒక్క తప్పు వదల్లేదు. ఇదీ వదలను. కానీ రేపు."

నాలుగున్నరకి టీచర్ ఓపిక ఉత్తరం చదివింది. రెండుసార్లు చదివింది. 'అసౌకర్యం' ఈసారి సరిగ్గా ఉంది. చదువుతూ చదువుతూ ఆవిడ భుజాలు వదులయ్యాయి.

"మనిషే" అంది. మూడు వారాల తర్వాత మొదటిసారి సరిగ్గా ఊపిరి పీల్చినట్టు. "నేనేమో ఏ భూతమో అనుకున్నాను. ఇతని మీద కేసు పెట్టాలో వద్దో నాలుగు రోజులు ఆలోచించుకుని చెప్తాను. ముందు పిలవండి, మొహం చూస్తాను."

"క్లాసు మూసేస్తున్నారా?"

టీచర్ కిటికీ వైపు చూసింది. "రేపటి దాకా ఆపుతాను. ఆ నలభై ఒకటీ ఒట్టి బురదండీ, కడుక్కుంటే పోతుంది. ఆదివారం వచ్చినది అలాంటిది కాదు. అందులో చెప్పిన తప్పు నిజం. నేను కుట్టిన ప్రతి గౌనూ ఆ చోట లేస్తుంది, ఎందుకో నాకే తెలియదు. అది చదివాకే, నిజంగానే నేర్పే అర్హత లేదేమో అనిపించింది. ఆ మనిషెవరో తెలిస్తే…" మాట పూర్తి చెయ్యలేదు.

డిటెక్టివ్ కూడా పూర్తి చెయ్యలేదు. ఇంటిదారి పట్టింది.

ఏడున్నరకి నలుగురూ భోజనాలకి కూర్చున్నారు. ఈ మూడు వారాలూ కేసుకోసమని డిటెక్టివ్ హాల్లో కూర్చుని టీచర్ వీడియోలు చూస్తుంటే, పక్కన కూర్చుని అత్తగారూ చూసింది. కొత్త ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే చాలని మనవరాలు నేర్పి నెల కాలేదు. అత్తగారు నలభై ఏళ్ళు కుట్టుపనితో ఇల్లు నడిపిన మనిషి. చూపు మందగించాక ఆ మిషను అటకెక్కింది. ఇవన్నీ డిటెక్టివ్‌కి దారిపొడవునా ఒకదాని వెనక ఒకటి గుర్తొస్తూనే ఉన్నాయి. ఏమీ అడగలేదు. నలభై రెండో తిట్టు రాసుకున్న కాగితం విప్పి, మొత్తం చదివింది, ఫ్యాను దాకా.

కూతురి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అత్తగారు మాత్రం ఆశ్చర్యంగా మనవరాలి వైపు వేలు చూపింది.

"ఫ్యాను మాట నేను దీనితో అన్నది కదా! అందులోకి ఎలా వెళ్ళింది?"

తను ఏం ఒప్పుకుందో ఆవిడకి మెల్లగా అర్థమైంది. నీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండానే పెట్టేసింది.

"ఎందుకు అత్తయ్యా?"

"ఎందుకా? నలభై ఏళ్ళు కుట్టాను. ఎంతమందికి కుట్టానో నాకే గుర్తులేదు. ఒక్కరు నా చేతుల వంక చూడలేదు. అదేమో తప్పు కుట్టి నవ్వితే నాలుగొందలమంది బావుంది బావుంది అంటున్నారు. కడుపు మండింది." గ్లాసు పక్కకి జరిపింది. "ఎదురుగా ఉంటే అనేదాన్ని కాదే. చేతిలోంచి గుడ్డ లాక్కుని సరిచేసి ఇచ్చేదాన్ని. ఎదురుగా లేదు కదా. ఫోనే కదా అనుకున్నాను."

"నేను తీసేస్తాను నాన్నమ్మా, ఒక్క నిమిషం పని" అంది మనవరాలు.

"అదే మంచిది" అన్నాడు భర్త. ఇవాళ అడ్డం పెట్టుకోవడానికి పేపరు లేదు. "తీసేస్తే సరిపోతుంది. నీ కేసులో మనింటి పేరే బయటికొస్తే ఆ ఇన్‌స్పెక్టర్ ఊరంతా చాటింపు వేయిస్తాడు. నీ దగ్గరికి ఇంకెవరైనా వస్తారా?"

"రాకపోవచ్చు" అంది డిటెక్టివ్. గొంతు గట్టిగా లేదు, కానీ తొణకలేదు. "అయినా రేపు పదకొండింటికి ఇన్‌స్పెక్టర్‌కి పేరు నేనే చెప్తాను. పక్కవాళ్ళ తప్పులకి ఎర్ర పెన్సిలు, ఇంటి తప్పుకి రబ్బరు… అలా నావల్ల కాదండీ."

అందరూ అత్తగారి వైపు చూశారు, ఇప్పుడు 'మీరు' మొదలవుతుందని. ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"నువ్వు చెప్పక్కర్లేదు, నేనే చెప్తాను" అంది. "దాన్ని తీసెయ్యకండి. ఉండనీ. నేను దాచుకున్నానని అనుకోకూడదు ఆవిడ. మొన్న మళ్ళీ ఆ వీడియో చూశాను. ఒకటి అడుగుతాను చెప్పు అమ్మాయ్. ఆవిడది ఎడం చెయ్యా?"

డిటెక్టివ్ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. సుద్ద ముక్క, టేపు, కత్తెర. "అవునత్తయ్యా. ఎడం చెయ్యే."

"అనుకున్నాను. చేతిలో ఉన్నదేమో కుడిచేతి కత్తెర. ఎడం చేత్తో పట్టుకుంటే పైరేకు అడ్డమొచ్చి గీత కనపడదు. అందుకే ప్రతిసారీ అంగుళం అవతలికి పోతోంది. ఆవిడకి పని రాక కాదు. ఈ ముక్క చెప్పేవాళ్ళు లేక. ఆ రోజు నాకు తిట్టడం తోచింది గానీ, ఇది తోచలేదు." కంచం దగ్గరికి లాక్కుంది. "రేపు పదిన్నరకి నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళు. రాసింది నేనేనని మొహం చూసి చెప్తాను. ఉండమంటే పక్కన కూర్చుని కత్తిరింపు చూపిస్తాను. పొమ్మంటే గుమ్మం బయట నిలబడి చూపిస్తాను. ఆ ఇన్‌స్పెక్టర్ని కూడా అక్కడికే రమ్మను. రెండు చోట్లకి తిరగలేను నేను."